సైరన్‌కు అందని పిలుపు

బిజినేపల్లి దగ్గరి కోల్డ్ స్టోరేజీలో అమోనియా గ్యాస్ లీకై, మిరప బస్తాలు సర్దుతున్న నాగేంద్రమ్మ ప్రాణం పోయి నెల దాటింది. గ్యాస్ పసిగట్టగానే మోగాల్సిన సైరన్ ఆ రోజు మోగలేదు. కంప్రెసర్ గదిలో డ్యూటీలో ఉన్న భీమన్నే దాన్ని ఆపేసి కునుకు తీశాడని అందరూ నమ్మారు. అతనిప్పుడు నాగర్‌కర్నూల్ జైల్లో ఉన్నాడు. భీమన్న కూతురు సుష్మకు వనపర్తి కాలేజీలో పాఠాలు చెప్పే శ్రీవాణి ఒక్కతే ఆ మాట నమ్మలేకపోయింది. సైరన్‌ను నడిపే కంప్యూటర్‌ను ప్రమాదానికి కొంతకాలం ముందే మార్చారు. మార్చింది శ్రీవాణి తమ్ముడు ఉమేష్. అతను అమ్మను చూడటానికి గద్వాల వెళ్లినప్పుడు శ్రీవాణి వనపర్తిలోని అతని కంప్యూటర్ షాపు తెరిచింది. ఆ కంప్యూటర్ తాలూకు నకలు డిస్కును మరో మెషీన్‌కు తగిలించి, సైరన్ స్థానంలో ఒక గంట పెట్టి, ఒక మీట నొక్కి గ్యాస్ లీకైనట్టు దాన్ని నమ్మించింది. గంట మోగలేదు. పోయిన వారం కథ ఆ మోగని గంట ముందే ఆగింది.

శ్రీవాణి రెండోసారి మీట నొక్కింది. గంట గణగణమంది.

ఆమె ప్రాణం లేచొచ్చింది. వైరు వదులై ఉంటుంది, అంతే, అనుకుంది. వైర్లన్నీ బిగించి మళ్లీ నొక్కింది. మోగింది. ఇంకోసారి నొక్కింది. మోగలేదు. కుర్చీలో కూలబడింది.

అసలే మోగకపోతే ఆ లోపం మొదటి రోజే ఎవరి కంటనైనా పడేది. ఒకసారి మోగి ఒకసారి మోగని సైరన్ అలా కాదు. దాన్ని మనుషులు నమ్ముతారు. ఆ స్టోరేజీలో నమ్మక తప్పదు కూడా. మిరప ఘాటుకు అక్కడ ఎప్పుడూ కళ్లు మండుతూనే ఉంటాయి. ఆడవాళ్లు ముక్కుకు, నోటికి గుడ్డ చుట్టుకుని పనిచేస్తారు. అమోనియా కొంచెం కొంచెంగా వస్తే మొదట్లో ఆ ఘాటులో కలిసిపోతుంది. ఇది వేరే, ఇది చంపేది అని వాళ్లకు చెప్పాల్సింది ఆ సైరనే.

అటక మీద పాత కంప్యూటర్ ఉంది. స్టోరేజీలోంచి ఉమేష్ తీసి పక్కన పడేసినది. బోర్డు కాలిపోయింది కానీ డిస్కు బతికే ఉంది. కాలేజీ పాత సామాను గదిలోంచి అంతే ముసలి కంప్యూటర్ ఒకదాన్ని ఆటోలో తెప్పించి, ఆ డిస్కు దానికి తగిలించింది. అది మూలిగి మూలిగి లేచింది. గంటను దానికి కలిపి మీట నొక్కింది. మోగింది. ఎన్నిసార్లు నొక్కినా మోగింది. తెర మీద చలి, గ్యాస్ మీటర్లన్నీ ఒకేసారి తెరిచి, దాని నెత్తిన పని మీద పని పెట్టి నొక్కినా మోగింది.

రెండింట్లోనూ ప్రోగ్రాం ఒకటే. దాన్ని రాసిన జయరాజు అనే ఇంజినీరు ఎప్పుడో చనిపోయాడు. ఆయన రాసుకున్న అసలు కోడ్ ఎవరి దగ్గరా లేదు, నడిచే ఫైలు ఒక్కటే మిగిలింది. ఆ ఫైలులో అక్షరం ముక్క మారలేదు. మారింది దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్.

మధ్యాహ్నం ఎండకు షాపు రేకులు టపటపమంటున్నాయి. శ్రీవాణి రెండు తెరలనూ పక్కపక్కన పెట్టుకుని, ప్రోగ్రాం లోపల ఏం జరుగుతున్నదో అడుగడుగునా చూసింది. ఒకే ప్రోగ్రాం ఒకేసారి నాలుగు పనులు చేయాలంటే దానిలో నాలుగు పాయలు నడవాలి. వాటినే థ్రెడ్లు అంటారు. జయరాజు ప్రోగ్రాంలో ఒక థ్రెడ్ గదుల చలిని కొలుస్తుంది. ఒకటి ఆ లెక్కలను దాస్తుంది. ఒకటి గ్యాస్ మీటర్లను కనిపెట్టుకుని ఉంటుంది. ఇంకొకటి ఏ పనీ చేయదు. పిలుపు కోసం ఎదురుచూస్తుంది. పిలుపు వస్తే సైరన్ మోగిస్తుంది.

ఆ థ్రెడ్లను నడిపే లైబ్రరీ, అంటే సిస్టమ్‌తో పాటు వచ్చే కోడ్, పాత సిస్టమ్‌లో ఒకటి, కొత్త సిస్టమ్‌లో మరొకటి. పాతది ప్రతి థ్రెడ్‌కూ ఒక సొంత నంబరు ఇచ్చేది. గ్యాస్ కనిపించగానే సైరన్ థ్రెడ్ నంబరుకు పిలుపు వెళ్లేది, సైరన్ మోగేది. కొత్తది మొత్తం ప్రోగ్రాంకు ఒకటే నంబరు ఇస్తుంది. జయరాజుకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. ఆయన ప్రోగ్రాం ఇప్పటికీ తన పద్ధతిలోనే పిలుస్తున్నది. ఆ పిలుపు ఏ థ్రెడ్ చేతికి చిక్కితే ఆ థ్రెడ్‌కు పోతున్నది. మెషీన్ ఖాళీగా ఉంటే సైరన్ థ్రెడ్‌కే అందుతున్నది. గదులన్నీ నిండి, మీటర్లన్నీ తిరుగుతున్నప్పుడు మధ్యలో చలి లెక్కలు చూసే థ్రెడ్‌కు తగులుతున్నది. అది తన పని కాదు కాబట్టి ఆ థ్రెడ్ దాన్ని వదిలేస్తున్నది. తప్పు జరిగినట్టు ఎక్కడా ఒక్క మాట రాదు. ప్రోగ్రాం లెక్కలో పిలుపు వెళ్లిపోయినట్టే.

నాగేంద్రమ్మ పోయిన రోజు గదులన్నీ నిండి ఉన్నాయి.

శ్రీవాణి గంటను విప్పి మళ్లీ కొత్త మెషీన్‌కు కలిపింది.

"మేడం, ఉన్నరా?"

గుమ్మంలో రేణుకమ్మ, భీమన్న భార్య. ఎండన పడి నడిచొచ్చిన మొహం. చేతిలో టిఫిన్ గిన్నె బరువుగానే ఉంది.

"జైలుకు, ములాఖత్‌కు పోయొచ్చిన మేడం. బస్సు దిగి సీదా గిటే వస్తున్న."

"ఎట్లున్నడు?"

"బువ్వ ముడ్తలేడు. గిన్నె గట్లనే వాపస్ తెచ్చిన." రేణుకమ్మ గడప మీదే కూర్చుంది. "మొదలు నేను బంద్ చేయలే, చేయలే అని మొత్తుకుంటుండె. ఇప్పుడు గట్ల అంటలేడు. నేనే బంద్ చేసిననేమో రేణుకా, ఇంతమంది అంటుండ్రు గద, నేనే మర్చిపోయిననేమో అంటుండు."

"సైరన్ స్విచ్ సంగతి మొదలు చెప్పిండు గద?"

"చెప్పిండు. గ్యాస్ వాసన తగిలినంక గిది ఎందుకు మోగుతలేదని స్విచ్ మీదికీ కిందికీ కొట్టిన అన్నడు. అందరొచ్చి చూసేసరికి స్విచ్ బంద్ దిక్కు ఉండె. ఇప్పుడు కొట్టింది గూడ యాదికి లేదంటుండు. నాగేంద్రమ్మ నిద్రల కనపడ్తదంట. అన్నా, ఎందుకు బంద్ చేసినవ్ అని అడుగుతదంట."

శ్రీవాణి తెరల వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

"సుష్మ?"

"కాలేజీకి రానంటుంది. బాపును చూడ రమ్మంటే గూడ రాదు. బిడ్డ గూడ నమ్మింది మేడం."

నీ భర్త తప్పు లేదు రేణుకమ్మా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది బయటపడితే దాని వెనక మాట ఏమిటో శ్రీవాణికి తెలుసు. మరి ఎవరిది తప్పు అని ఆమె అడుగుతుంది. ముందు తమ్ముణ్ణి అడగాలి. అతనికి తెలియక జరిగిందని అతని నోటితోనే వినాలి. తెలియక చేసినవాడికి శిక్ష పడినా, తలెత్తుకుని బతకొచ్చు.

"సాయంత్రంకల్ల నేనే మీ ఇంటికి వస్త," అంది.

"మీరు చూస్తుండ్రు గద మేడం, మాకు గదే చాలు." రేణుకమ్మ గిన్నె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ నమ్మకం శ్రీవాణికి చెంపదెబ్బలా తగిలింది.

ఉమేష్ బండి దిగి లోపలికి వచ్చేసరికి ఎండ కాస్త వాలింది.

"అక్కా, అమ్మ నీకు సజ్జ రొట్టెలు పంపింది. నాయిన గూడ అడిగిండు, ఎప్పుడొస్తదని..." సంచి బల్ల మీద పెడుతూ ఆగిపోయాడు. రెండు కంప్యూటర్లను, వాటి మధ్య గంటను చూశాడు. "ఏంది గిదంత?"

"కూసో ఉమేష్."

"ఆ భీమన్న కోసమేనా? పోలీసులే తేల్చిండ్రు గద. నీకెందుకక్కా గీ పరేషాన్?"

శ్రీవాణి కొత్త మెషీన్‌లో మీటర్లన్నీ తెరిచింది. మీట మీద వేలు పెట్టి, అతను చూసేదాకా ఆగి, నొక్కింది.

గంట మోగలేదు. శ్రీవాణి గంట వైపు చూడలేదు. తమ్ముణ్ణే చూస్తున్నది. మోగుతుందా లేదా అనుకునేవాడు గంట వైపు చూస్తాడు. ఉమేష్ ఆమె నొక్కకముందే తల దించుకున్నాడు.

"నీకు ఎరుకే," అంది శ్రీవాణి.

"ఏం ఎరుక?"

"మోగదని."

"మోగుతది. ఒక్కోసారి..." మాట నోరు దాటాక అతనికి అర్థమైంది. స్టూలు మీద కూర్చుని రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"కొత్త సిస్టమ్‌ల ఆ ప్రోగ్రాం అసలే లేస్తలేకుండె అక్కా. ఇంటర్నెట్‌ల ఎవరో పెట్టిన పాత ఫైళ్లు తెచ్చి కింద పెట్టిన. అప్పుడు లేసింది. లేసింది గద, ఇంక పని అయినట్టే అనుకున్న. దూది అమోనియాల ముంచి ఒక మీటర్ కాడ పెట్టిన. మోగింది. రెండో రూముల పెట్టిన. మోగలే. బంద్ చేసి మళ్ల చాలు చేసిన, మోగింది."

"మోగనప్పుడు ఎవరికి చెప్పినవ్?"

"వైరు లూజ్ ఉన్నదేమో అనుకున్న."

"అనుకున్నవా?"

ఉమేష్ కళ్లు ఎర్రబడ్డాయి. "అనుకుందామనుకున్న. తెల్లారితే సరుకు దిగుతదని స్టోరేజి ఓనర్ తుకారాం సేటు తొందర పెడ్తుండె. నాకు గంతకన్న ఏం చేయాల్నో గూడ తెల్వలే. థ్రెడ్ల సంగతి నాకేం తెలుసు? ఏదో ఒకటి పెట్టి నడిపిస్తం, నడుస్తది. అందరం గట్లనే చేస్తం."

ఇక్కడితో ఆగిపోతే బాగుండునని శ్రీవాణి అనుకుంది. తెలియనితనం, భయం, తొందర. వీటిని పట్టుకుని తమ్ముణ్ణి ఎలాగోలా క్షమించవచ్చు. కానీ అడగాల్సింది ఇంకా ఉంది.

"పోలీసులు అడిగినప్పుడు ఏం చెప్పినవ్?"

"కంప్యూటర్ మంచిగున్నదన్న."

"భీమన్న ముందలనేనా?"

అతను తల ఊపాడు. "ఆయన నా దిక్కే చూసిండు. ఉమేషూ, నువ్వే పెట్టినవ్ గద, జర నువ్వన్న చెప్పు బిడ్డా అన్నడు. నేను మళ్ల మంచిగున్నదనే అన్న."

భీమన్న జైల్లో కూర్చుని తన జ్ఞాపకాన్ని తానే అనుమానించుకుంటున్నాడు. కన్నకూతురు మొహం చాటేసింది. అదంతా ఈ కుర్రాడు రెండుసార్లు అన్న ఒక్క మాట వల్ల. ఈ కుర్రాడికి కీబోర్డు మీద వేళ్లు ఎలా పెట్టాలో నేర్పింది తనే.

"బిడ్డా అని పిలిచినంక గూడనా ఉమేష్?"

"ఇప్పుడు నేను చెప్తే నాగేంద్రమ్మ లేసొస్తదా అక్కా?" అతను గొంతు పెంచాడు. "అమ్మకు ఏమని చెప్తవ్? నాయిన బజార్ల తిరుగుతడా? భీమన్న బయటికొస్తడు, నేను లోపలికి పోత. గంతే గద మారేది!"

"గంతే," అంది శ్రీవాణి. "గంతే మారుతది. లే, స్టేషన్‌కు పోదాం."

ఆమె కంప్యూటర్లు ఆపడానికి లేచింది. అతను లేవలేదు. బండి తాళం చెవిని వేలికి తిప్పుతూ, ఆపుతూ, మళ్లీ తిప్పుతూ కూర్చున్నాడు.

"ఇంకోటి ఉన్నదక్కా."

"ఏంది?"

"సేటుకు లింగాల కాడ ఇంకో స్టోరేజి ఉన్నది. అమ్రాబాద్ దిక్కు నుంచి వచ్చే చింతపండు పెడ్తరు. అండ్ల గూడ పాత కంప్యూటర్ ఖరాబయ్యింది. గిదే డిస్కు కాపీ కొట్టి అండ్ల పెట్టిన."

"ఎప్పుడు?"

ఉమేష్ తాళం చెవిని పిడికిట్లో బిగించాడు.

"ఎప్పుడురా?"

"నాగేంద్రమ్మ పోయినంక."

శ్రీవాణి బల్ల అంచు పట్టుకుంది.

"ఆమె పోయినంకనా? మోగదని తెలిసి, ఒక మనిషి సచ్చిపోయినంక, మళ్ల గిదే తీస్కపోయి పెట్టినవా?"

"వద్దంటే ఎందుకని అడుగుతరు గద. సేటు ఫోన్ చేసి లింగాలల గూడ గట్లనే పెట్టు అన్నడు. ఏం చెప్పాలె? పెట్టను అంటే బిజినేపల్లిది ఎట్లుండె అంటరు. దాన్ని దాచాలంటే గిది పెట్టాల్సొచ్చింది." అతని గొంతులో ఇప్పుడు వాదన లేదు. "రోజు మొక్కుతున్న అక్కా. అక్కడ ఏం కావద్దని రోజు మొక్కుతున్న."

"ఇప్పుడు ఎవరన్న ఉన్నరా అక్కడ?"

"ఇయ్యాల గ్యాస్ నింపుతుండ్రు."

అమోనియా నింపే రోజంటే ఏమిటో శ్రీవాణికి ఈ నెలలో బాగా తెలిసింది. పైపులు విప్పి, సిలిండర్లు కలిపి, మళ్లీ బిగిస్తారు. ఏ లీకైనా సాధారణంగా బయటపడేది ఆ రోజే. ఆ రోజు పనివాళ్లను లోపలికి పంపకూడదు. పంపితే సైరన్‌ను నమ్ముకునే పంపాలి.

"పొద్దుగాల వెంకటన్న ఫోన్ చేసిండు. ఆపరేటర్. బిజినేపల్లిల గట్లయింది గద, మన సైరన్ మంచిగనే ఉన్నదా, ఆడోళ్లను పనికి ఎక్కియ్యాల్నా వద్దా అని అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

ఉమేష్ ఆమె కళ్లలోకి చూశాడు, ఆ షాపులోకి వచ్చాక మొదటిసారి.

"ఉన్నదన్న."

శ్రీవాణి బల్ల మీది అతని ఫోన్ తీసి అతని చేతిలో కుక్కింది. "చెయ్. ఇప్పుడే చెయ్. స్పీకర్ పెట్టు."

మొదటిసారి ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. శ్రీవాణి తన ఫోన్‌లో ఫైర్ స్టేషన్‌ను పట్టుకుని, లింగాల స్టోరేజీలో గ్యాస్ ప్రమాదం ఉందని, వెంటనే బండి పంపమని చెప్పింది. ప్రమాదం జరిగిందా అని అవతలి మనిషి అడిగాడు. లేదంటే బండి కదలదని ఆమె జరిగిందనే చెప్పింది. అచ్చంపేట నుంచి బండి రావాలమ్మా, టైం పడుతది అన్నాడతను. ఇంతలో ఉమేష్ ఫోన్‌లోంచి మెషీన్ల హోరు వినిపించింది.

"ఆఁ, ఉమేషూ! చెప్పు!" వెంకటన్న అరుస్తున్నాడు. "పని మీద ఉన్న, జర జల్ది చెప్పు!"

"వెంకటన్నా, లోపట ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నరు. ఆడోళ్లు పై అంతస్తుల చింతపండు పెట్టెలు సర్దుతుండ్రు. ఎందుకు?"

"కిందికి దింపు. అందర్ని బయటికి పంపు."

"ఏంది? ఇనపడ్తలే! సప్పుడు బాగున్నది!"

"సైరన్..." ఉమేష్ తలెత్తి అక్క వైపు చూశాడు. శ్రీవాణి అతని భుజం గట్టిగా పట్టుకుంది. ఫోన్ లాక్కుని తనే చెప్పేయొచ్చు. కానీ ముక్కూమొహం తెలియని ఆడమనిషి గొంతు విని వెంకటన్న పని ఆపడు. అతను నమ్మేది ఉమేష్‌నే. పొద్దున కూడా ఉమేష్‌నే నమ్మాడు.

"సైరన్ మోగదు వెంకటన్నా!" ఉమేష్ అరిచాడు. "పొద్దుగాల నీకు అబద్ధం చెప్పిన! గ్యాస్ వచ్చినా గది మోగదు! బిజినేపల్లిల గూడ గదే అయ్యింది, భీమన్న బంద్ చేయలే! నీకు దండం పెడ్త, అందర్ని బయటికి తీస్కపో!"

అవతల మెషీన్ల హోరు. ఆ హోరులో వెంకటన్నకు ఎంత వినబడిందో తెలియలేదు.

"సైరనా? మోగలే, మోగలే! ఏం ఫికర్ చేయకు. మోగితే నేనే అందర్ని తోలుకొస్త గద," అన్నాడు. తర్వాత గొంతు ఫోన్‌కు దూరంగా జరిగింది. "ఏయ్, పైన ఏమయింది? ఎందుకట్ల ఒర్లుతుండ్రు? ఉమేషూ, ఒక్క నిమిషం లైన్ల ఉండు. పైన ఎవరో కింద పడ్డరంట. చూసొస్త."

"పోకు! పైకి పోకు వెంకటన్నా!"

ఫోన్‌ను దేని మీదో పెట్టిన చప్పుడైంది. ఇనుప మెట్ల మీద చెప్పుల అడుగులు గబగబా పైకి వెళ్లాయి. ఉమేష్ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని అతని పేరు పిలుస్తూనే ఉన్నాడు. శ్రీవాణి ఫోన్ మీదికి వంగి విన్నది. పైన ఒక తలుపు తెరుచుకున్నట్టుంది. ఆడగొంతులు ఒక్కసారిగా పెద్దవయ్యాయి. ఆ తర్వాత వెంకటన్న ఏదో అనబోయి దగ్గాడు. మళ్లీ దగ్గాడు.

మెషీన్లు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. ఫోన్‌లో సైరన్ వినబడలేదు.